పాత కారు, కొత్త బెల్టు, మా బాపు లెక్క

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని మిత్రులు అడిగినప్పుడు "విజ్ఞాన శాస్త్రము – మానవ ప్రగతి" అన్న విషయం మీద రాద్దామనుకున్నాను. తెల్లకాగితం మీద ఆ శీర్షిక రాసి, కింద రెండు గీతలు కొట్టి, గంటసేపు కూర్చున్నాను. ఒక్క ముక్క ముందుకు సాగలేదు. మానవ ప్రగతి గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ సంచికలోనే నలుగురైనా రాసి ఉంటారు. నాకు బాగా తెలిసింది మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉండే పాత కారు. బాగానే నడుస్తున్న ఆ కారు ఇంజను మీద ఇప్పుడే చెయ్యి వేయాలా, చెడిపోయిన తర్వాత చూసుకోవాలా అన్న ప్రశ్న 2025 జూన్ నెలలో మా ఇంట్లో వారం రోజులు నలిగింది. రెండేళ్లుగా తరగతి గదిలో వింటున్న 'సంభావ్యత' అనే మాటకు అర్థం నాకు ఆ వారంలోనే కొంచెం తెలిసింది. అంచేత ఆ సంగతే రాస్తున్నాను.

కారు ఏ కంపెనీదో చెప్పను. ఆరేళ్లుగా ఇంట్లో మనిషిలా ఉంటున్నది, దాని గుట్టు అచ్చులో పెట్టడం మర్యాద కాదు. 2008 మోడల్ డీజిల్ కారు. నాలుగు సిలిండర్లు, 1.4 లీటర్ల ఇంజను. మిర్చి మాకు కలిసొచ్చిన ఏడు, 2019లో, మా బాపు దాన్ని నర్సంపేటలో ఒకాయన దగ్గర కొన్నాడు. నేను చెప్పే నాటికి మీటరు 1,62,000 కిలోమీటర్లు చూపిస్తున్నది. పదిహేనేళ్లు నిండిన కారుకు ఆర్.సి. రెన్యూవల్ చేయించాలి కదా, 2023లో అదీ చేయించాం. కాగితాల మీద దానికి మరో అయిదేళ్ల ఆయుష్షు వచ్చింది. ఆ సంగతి ఇంజనుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ కారు మోయని బరువు లేదు. యూరియా బస్తాలు మోసింది, పత్తి ఏరే కూలీలను మోసింది, నాయనమ్మను కంటి ఆపరేషన్‌కు తీసుకుపోయింది, నా ట్రంకు పెట్టెను హాస్టల్ గేటు దాకా తెచ్చింది. ఊళ్లో రెండు పెండ్లిళ్లలో పూలదండలు కట్టించుకుని పెండ్లికొడుకుల్ని కూడా ఎక్కించుకుంది. అమ్మితే ఎనభై వేలు వస్తే గొప్ప. మరి దాని విలువ ఎనభై వేలేనా అంటే, నేను చెప్పబోయేది అదే.

ఆ వేసవిలో మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. జూలై మొదటి వారమని డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. అక్కకు బి.పి. కొంచెం ఎక్కువగా ఉంటున్నదనీ, నొప్పులు మొదలుకాగానే నర్సంపేటలో ఆగకుండా నేరుగా వరంగల్ తీసుకురమ్మనీ చెప్పింది. మా ఊరు నర్సంపేటకు పదకొండు కిలోమీటర్లు, పాకాల వైపు. నర్సంపేట నుంచి వరంగల్ దాదాపు మరో నలభై. మధ్యలో మా ఊరి వాగు ఒకటి ఉంది. మామూలు రోజుల్లో అందులో బర్రెలు కూడా మునగవు కాని, ముసురు పట్టిందంటే ఆటోలు, బస్సులు అన్నీ ఆలోచనలో పడతాయి. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 ఉంది. దాన్ని కాదనేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. "అయినా ఇంటి ముందట బండి ఉండాలె బిడ్డా. ఫోను జేసి ఎదురుచూసుడు వేరు, లేసి పోవుడు వేరు" అన్నాడు బాపు.

జూన్ రెండో వారంలో ఆయిలు మార్పిద్దామని నేను, బాపు కారును నర్సంపేట మెకానిక్ చాచా దగ్గరకు తీసుకుపోయాం. చాచా ఆయిలు మార్చి, ఊరుకోకుండా ఇంజను పక్కనున్న ప్లాస్టిక్ మూత రెండు బోల్టులు విప్పి, లోపలికి టార్చి కొట్టాడు.

"ఇటు జూడు పటేలా. టైమింగ్ బెల్టు. ఇదెప్పుడు మార్చిన్రు?"

బాపు నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను. కొన్నప్పటినుంచి మేం మార్చలేదు. కొనకముందు మార్చారో లేదో చెప్పే కాగితం లేదు.

"తెగుతదా భాయ్?"

"తెగొచ్చు, తెగకపోవచ్చు. రేపు తెగొచ్చు, రెండేండ్లు నడవొచ్చు. నేనేమన్న జోస్యం చెప్తనా? తెగితే మాత్రం హెడ్డు విప్పాల్సిందే."

ఇక్కడ ఆ బెల్టు సంగతి కొంచెం చెప్పాలి. ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. పైన వాల్వులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే, వాల్వులను నొక్కే క్యామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ జత కలిపి ఉంచేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ప్రతి వాల్వు సెకనుకు 20 సార్లు తెరుచుకుంటుంది, ప్రతి పిస్టను సెకనుకు 40 సార్లు పైకి వస్తుంది. డీజిల్ ఇంజనులో గాలిని చాలా తక్కువ జాగాలోకి నొక్కాలి కాబట్టి, పిస్టను పైకి వచ్చినప్పుడు దాని నెత్తి మీద ఖాళీ దాదాపు ఉండదు. ఒకరు వచ్చేసరికి ఒకరు తప్పుకోవాలి, ఇరుకు గల్లీలో రెండు ఎడ్లబండ్ల లాగా. బెల్టు తెగితే క్యామ్ షాఫ్టు ఆగిపోతుంది, పిస్టన్లు ఆగవు. తెరిచి ఉన్న వాల్వులను వచ్చి గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి. ఒక్కొక్కప్పుడు పిస్టన్లూ పోతాయి. బండి ఉన్నచోటనే నిలబడిపోతుంది. దీనికంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, బెల్టు చాలాసార్లు ముందుగా ఏ కబురూ పెట్టదు. తెగే నిమిషం దాకా ఇంజను శబ్దంలో తేడా ఉండకపోవచ్చు.

బెల్టు, దాన్ని బిగపట్టే టెన్షనరు, ఆ బెల్టే తిప్పే నీటి పంపు, మజూరీ, అన్నీ కలిపి 7,500 రూపాయలు అన్నాడు చాచా. తెగిన తర్వాత వస్తే హెడ్డు పనితో 28,000 దాకా అవుతుందన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పేసరికి తలా ఒక మాట అన్నారు. మా మేనమామ ఆరోజు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఏ పని చేసినా పెద్దగానే చేస్తాడు. "బెల్టు ఒక్కటేంది బావా! ఇంజను మొత్తం దింపి బోరు కొట్టిచ్చి, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తయి ఏపియ్యి. నలభై అయిదు వేలు అయితది. అయిదేండ్లు దాని మొకం చూడొద్దు" అన్నాడు. అమ్మ, "గా నలభై అయిదు వేలు నాకియ్యున్రి, ఒక బర్రెను కొంట. పాలన్నా ఇస్తది" అన్నది. అక్క నవ్వుతూ, "నా కాన్పుకు కారుకు ఆపరేషన్ చేస్తున్నరా?" అన్నది. బాపు ఏమీ అనలేదు. అదే నాకు భయం వేసింది. బిడ్డ కాన్పు ముందు మనిషి మెత్తబడతాడు. మేనమామ ఇంకో రెండుసార్లు గట్టిగా అంటే పత్తి గింజలకు, మందు బస్తాలకు దాచిన డబ్బు తీసి ఇంజనులో పోస్తాడేమో అనిపించింది. ఏరువాక నెలలో రైతు చేతిలో నలభై అయిదు వేలు పోతే ఆ సంవత్సరం మొత్తం అప్పు మీదనే నడవాలి.

రాత్రి అన్నాలు తిన్నాక బాపు నన్ను పిలిచి, "నువ్వు లెక్కలే సదువుతున్నవ్ గదా. గిదొక్కటి లెక్కజేసి చెప్పు" అన్నాడు.

నేను పెన్ను, నోటుబుక్కు తీసుకున్నాను. మేము బి.యస్సీ.లో ఆశించిన నష్టం అని చదువుకుంటాం. ఏదైనా ప్రమాదం జరిగే సంభావ్యతను, జరిగితే వచ్చే ఖర్చుతో గుణించాలి. అది, ముందు జాగ్రత్తకయ్యే ఖర్చు కంటే ఎక్కువైతే జాగ్రత్త పడాలి, తక్కువైతే ఊరుకోవాలి. ముందే మారిస్తే 7,500. తెగితే 28,000. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.27 దగ్గరికి వచ్చింది. అంటే రాబోయే ఏడాదిలో బెల్టు తెగే అవకాశం నూటికి 27 కంటే ఎక్కువ ఉంటేనే మార్చడం లాభం. ఆరేళ్లుగా తెగని బెల్టు ఈ ఒక్క ఏడాదిలో తెగడానికి నూటికి 27 ఉంటుందా? ఉండదనే నా లెక్క. కాబట్టి బెల్టూ వద్దు, బోరింగూ వద్దు, ఉన్నది ఉన్నట్టు నడుపుదాం అని తేల్చాను. కింద రెండు గీతలు కూడా కొట్టాను.

బాపు నోటుబుక్కు తీసుకుని చూశాడు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు, అంకెలు బాగా చదువుతాడు. వేలితో ఆ 28,000 మీద కొట్టి, "గిది హెడ్డు పని ఖర్చు. బాగనే ఉన్నది. నడిరాత్రి వాగు కాడ బండి ఆగి, అక్క లోపల ఉంటే, గా ఖర్చు ఎంత రాసినవ్?" అన్నాడు.

నేను రాయలేదు. ఆ వరుసే పెట్టలేదు. రాయాలంటే ఎంత రాయాలో ఇప్పటికీ తెలియదు. ఆ గడిలో ఎంత పెద్ద అంకె వేస్తే 27 అంత చిన్నదవుతుంది. చివరికి నూటికి ఒకటి ఉన్నా చాలు మార్చమని అదే లెక్క చెబుతుంది. సూత్రం తప్పు కాదు. నేను వేసిన ఖర్చు కారుకు సంబంధించింది, బాపు అడిగిన ఖర్చు ప్రయాణానికి సంబంధించింది.

రెండో తప్పు అంతకంటే పెద్దది. "ఆరేండ్ల సంది తెగలేదు కదా బాపూ, ఇప్పుడు తెగుతదా?" అని వాదించాను. బాపు నవ్వాడు. "తాళ్లెక్కే గౌడన్న మోకును జూసినవా? ఇన్నేండ్లు తెగలేదు, ఇగ తెగదు అనుకుంటడా? తెగినంక మారుస్తడా?"

నాకు జవాబు లేకపోయింది. తాటిచెట్టు మీద మోకు తెగితే రెండో అవకాశం ఉండదు. అందుకని అది గట్టిగా ఉన్నట్టు కనబడుతున్నా మారుస్తారు. పాత మోకు ఇంటి దగ్గర వేరే పనులకు వాడుకుంటారు. అదే గౌడన్న కల్లు పోసే కుండను పగలకముందే మారుస్తాడా? మార్చడు. పగిలితే ఒక కుండ పోతుంది, అంతే. మా బావి కాడి అయిదు హెచ్.పి. మోటరు కూడా అంతే. కాలితే వైండింగ్ చేయిస్తాం కాని, కాలుతుందేమోనని ముందే చేయించిన రైతును నేను చూడలేదు. మందు కొట్టే పంపులో వాషరు మాత్రం బాపు ప్రతి ఏడూ విత్తనాలకు ముందే మారుస్తాడు. ఇన్నాళ్లూ ఇదంతా అలవాటు అనుకున్నాను. ఇందులో ఒక పద్ధతి ఉందని ఆరోజే తట్టింది. చెప్పకుండా పోయేది, పోతూ పోతూ ఇంకోదాన్ని వెంట తీసుకుపోయేది ముందే మార్చాలి. చెప్పి పోయేదాన్ని కనిపెట్టుకుని ఉండాలి. పోతే పోయేదాన్ని పోనివ్వాలి.

ఆ పద్ధతి పట్టుకుని చూస్తే మేనమామ చెప్పిన బోరింగ్ ఏ వరుసలోకి వస్తుంది? పిస్టన్ రింగులు, సిలిండర్లు ఒక్కరోజులో పోవు. నెలల తరబడి కబురు పెడుతూనే ఉంటాయి. పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. ఆయిలు తాగుతుంది. వెనక పొగ నీలంగా వస్తుంది. నీలం పొగ అంటే ఆయిలు మండుతున్నదని, నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందలేదని, ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి చేరుతున్నాయేమో చూసుకోవాలని చాచా నాకు చెప్పాడు. ఆయిలు పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ బుసబుస కొడితే రింగులు అరిగినట్టు. ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగుకు వస్తే నీళ్లు కలిసినట్టు. వీటిలో మా కారుకు ఉన్నది ఒక్కటే, అయిదు వేల కిలోమీటర్లకు అర లీటరు ఆయిలు తాగడం. ఆ వయసుకు అది పెద్ద వ్యసనం కాదు.

అయినా మేనమామ నోరు మూయించాలంటే అంకెలు కావాలి. మర్నాడు చాచా దగ్గరకు వెళ్లి కంప్రెషన్ చూడమన్నాను. ఒక్కో సిలిండరుకు గేజి బిగించి స్టార్టరు తిప్పితే ముల్లు ఎంతకు లేస్తుందో చూడటం అంతే. నాలుగు సిలిండర్లకు వరుసగా 27, 26, 27, 25 కేజీలు వచ్చాయి. నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒకటి 18కో 20కో పడిపోయి ఉంటే అనుమానించాలి. "మంచిగనే ఉన్నది. దీన్ని ఇప్పుడు దింపుడు దండుగ" అన్నాడు చాచా. పని పోతుందని చూడకుండా ఉన్నమాట చెప్పినందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. పైగా నలభై అయిదు వేలు పెట్టినంత మాత్రాన ఎనభై వేల కారు లక్షా పాతిక వేలు కాదు. కొనేవాడు మోడలు చూస్తాడు, లోపలి రింగులు చూడడు. అంత డబ్బు పెట్టాలంటే కారు ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటామో ముందు తెలియాలి. మాకది తెలియదు.

ఇంటికి వచ్చి ఈ నాలుగు అంకెలు చెబితే బాపు ముఖం తేటపడింది. బోరింగ్ మాట మళ్లీ ఎత్తలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. బెల్టు విషయంలో ఆయన నన్ను దిద్దాడు, బోరింగ్ విషయంలో నా చదువు నలభై అయిదు వేలు కాపాడింది. గుండెలో భయం ఉన్నప్పుడు అన్నీ మార్చేద్దామనిపిస్తుంది, భయం లేనప్పుడు ఏదీ వద్దనిపిస్తుంది. రెండూ లెక్కలు కావు.

జూన్ 18న బెల్టు, టెన్షనరు, నీటి పంపు మార్పించాం. రేడియేటరు నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఒకటి ఉబ్బి ఉంటే అదీ మార్చాడు చాచా. 7,900 అయింది. ఇంక నిశ్చింత అనుకుని ఇంటికి వచ్చాను. బాపు మాత్రం నిశ్చింతగా లేడు. "చెయ్యి వెట్టిన ఇంజనును ఎంటనే నమ్మొద్దు. నాలుగు దినాలు ఊరి సుట్టే తిప్పాలె" అన్నాడు. చిన్నప్పుడు తాత కాలంలో నాట్లకు ముందు ఆయిల్ ఇంజను బాగు చేయించి తెస్తే, మడి సగం తడిసేసరికి అది ఆగిపోయిందట. ఆ ఏడు సగం మడి ఎండిపోయిందట. అప్పటినుంచి ఆయన సూత్రం అది. నాకు చాదస్తం అనిపించింది. కొత్త వస్తువులు వేసిన రోజే కదా బండి అన్నిటికంటే గట్టిగా ఉండాల్సింది!

మూడో రోజు నలుగురు మనుషుల్ని, రెండు బస్తాల్ని ఎక్కించుకుని పాకాల చెరువు దాకా పోయి వస్తుండగా, ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా వేడి చూపించే ముల్లు పైకి లేచింది. బాపు అక్కడికక్కడే బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు. బానెట్ ఎత్తితే ఆవిరి. కొత్త గొట్టానికి వేసిన క్లిప్పు కొంచెం వదులై, నీళ్లన్నీ కారిపోతున్నాయి. నేను రేడియేటరు మూత తీయబోతే బాపు చెయ్యి పట్టుకున్నాడు. మూత లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయనీ, మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఒక్కసారి ఎగజిమ్ముతాయనీ ఫిజిక్సులో చదువుకున్నవాణ్ని నేను! చేతికి మాత్రం ఆ సంగతి గుర్తు లేదు. అరగంట చెట్టుకింద కూర్చుని, చల్లారాక క్లిప్పు బిగించి, బోరింగు పంపు నుంచి నీళ్లు తెచ్చి పోసి, మెల్లగా ఇంటికి చేరాం. ముల్లు చూసీ చూడనట్టు నడిపి ఉంటే హెడ్డు వంకరపోయేది. అప్పుడు బెల్టు తెగకుండానే ఆ 28,000 కట్టేవాళ్లం.

దారి పొడవునా నాకు ఒళ్లు మండింది. ముట్టుకోకపోతే ఆ క్లిప్పు ఇంకో అయిదేళ్లు అట్లాగే ఉండేది కదా! ప్రమాదాన్ని ఆపడానికి పెట్టిన ఖర్చే కొత్త ప్రమాదాన్ని తెచ్చింది. బాపుతో అంటే, "అందుకే గదా కాన్పు ముందుగాల తిప్పుతున్నం" అన్నాడు తాపీగా.

సెలవుల తర్వాత ఈ సంగతి మా స్టాటిస్టిక్స్ లెక్చరర్ గారికి చెప్పాను. ఆయన నవ్వి, మా కథ కొత్తదేమీ కాదన్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం కోస్టల్ కమాండ్‌లో శాస్త్రవేత్తల బృందం ఒకటి పనిచేసింది. అందులో సి.హెచ్. వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త ఉన్నాడు. జలాంతర్గాములను వెదికే విమానాలకు ప్రతి 50 గంటల ప్రయాణానికి ఒక తనిఖీ జరిగేది. తనిఖీ అయిన వెంటనే రిపేర్లు తగ్గాలి కదా. లెక్క తీస్తే అప్పుడే ఎక్కువగా ఉన్నాయి, తర్వాత గంటలు గడిచినకొద్దీ తగ్గుతున్నాయి. బాగానే ఉన్న యంత్రాన్ని విప్పి బిగించడంలోనే కొన్ని చెడిపోతున్నాయన్నమాట. 1973లో వెలువడిన వాడింగ్టన్ పుస్తకంలో ఈ సంగతి ఉంది. 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు అమెరికా విమానాల భాగాలను పరిశీలించి, నూటికి 11 భాగాలకు మాత్రమే వయసుతో పాటు అరుగుదల కనబడుతుందనీ, మిగిలిన 89 భాగాలను ఇన్ని గంటలకు మార్చాలని గడువు పెట్టడం వల్ల పెద్ద ప్రయోజనం లేదనీ తేల్చారు. అందులోనూ నూటికి 68 భాగాలు కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ఎక్కువగా చెడిపోతాయట.

"మరి మా బెల్టు?" అన్నాను.

"మీ బెల్టు ఆ 11లోది" అన్నారు. తర్వాత బోర్డు మీద మూడు గీతలు గీశారు. 1951లో స్వీడన్ ఇంజనీరు వైబుల్ ప్రచురించిన విభాజనంలో ఆకారాన్ని చెప్పే అంకె ఒకటి ఉంటుంది. అది ఒకటికి సమానమైతే వస్తువుకు జ్ఞాపకం లేదు, నిన్నటిదాకా నడిచిందన్న సంగతి రేపటి గురించి ఏమీ చెప్పదు. ఒకటి కంటే ఎక్కువైతే ముసలితనం ఉంది, నడిచినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఒకటి కంటే తక్కువైతే బాల్యారిష్టం, మొదటి రోజులు గడిస్తే గండం గడిచినట్టే. ముసలి వస్తువును ముందే మార్చవచ్చు. జ్ఞాపకం లేనిదాన్ని మార్చి లాభం లేదు. కొత్తగా బిగించినదాన్ని నాలుగు రోజులు ఊరి చుట్టూ తిప్పాలి. ఈ చివరి వాక్యం లెక్చరర్ గారిది కాదు, నాది. అంటే మా బాపుది.

మా అక్క సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. జూలై 3న పొద్దున పది గంటలకు నొప్పులు మొదలయ్యాయి. ఆకాశంలో మబ్బు కూడా లేదు. వాగులో మోకాలు లోతు నీళ్లు కూడా లేవు. బాపు నడిపాడు, నేను పక్కన కూర్చుని దారంతా ఆ వేడి ముల్లునే చూశాను. గంటన్నరలో ఆసుపత్రి చేరాం. సాయంత్రం ఆరు దాటాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంత రాద్ధాంతం చేసిన ప్రయాణం బజారుకు పోయి వచ్చినంత మామూలుగా జరిగింది. నడిరాత్రీ లేదు, వానా లేదు, బండి ఆగడమూ లేదు.

అయితే ఆ 7,900 రూపాయలు పనికొచ్చినట్టా, దండుగైనట్టా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. పాత బెల్టు చాచా నా చేతికి ఇచ్చినప్పుడు దాన్ని వెనక్కి వంచి చూశాను. పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు ఉన్నాయి. ఒక అంచు నూలు పోగుల్లాగా విడిపోతున్నది. "ఇదింకా ఎంత దూరం నడిచేది చాచా?" అంటే, "నూరు కిలోమీటర్లు నడవొచ్చు, పదివేలు నడవొచ్చు" అన్నాడు. ఆసుపత్రికి పోయి రావడం కూడా నూరు కిలోమీటర్లే. చెడిపోయాక చేసిన రిపేరుకు సాక్ష్యం ఉంటుంది. ముందే చేసినదానికి సాక్ష్యం ఉండదు. అది సరైనదో కాదో తర్వాత జరిగినదాన్ని చూసి చెప్పలేం, నిర్ణయం తీసుకున్న నాటికి మనకు ఏం తెలుసో చూసి చెప్పాలి. ఆరోజు మాకు తెలిసింది ఇంతే. బెల్టు వయసు తెలియదు, తెగితే చెప్పి తెగదు, అక్క తేదీ దగ్గరపడింది. అంతవరకే తెలిసినప్పుడు మేం చేసిన పని సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ బెల్టును గుర్తుగా హాస్టలుకు తెచ్చుకుందామనుకున్నాను. బాపు తేనియ్యలేదు. రైతు ఇంట్లో ఏదీ ఊరికే పోదు. మా పత్తిచేను దడికి ఒక తడిక ఉంది, దాన్ని గుంజకు కట్టే తాడు ఎప్పుడూ తెగిపోతుండేది. దాని బదులు ఈ బెల్టు కట్టాడు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా చేనుకు వెళ్లి, తడిక తీసే ముందు దాన్ని ఒకసారి గట్టిగా లాగి చూస్తాను.

ఇంకా తెగలేదు.